రోటవేటర్ మీద మనిషి

ఆ కమతంలో పొద్దున్నే మనుషుల్ని తూచేవాళ్లు.

పెంచి చెప్పడం లేదు. షెడ్డు గుమ్మం పక్కన బస్తాలు తూచే కాటా ఒకటి ఉండేది. ఇనప పలక మీద నిలబడితే పక్కనున్న ముల్లు గిర్రున తిరిగి ఆగుతుంది. కోతలప్పుడు దాని మీద ధాన్యాన్ని తూచేవాళ్లు, కోతలయ్యాక కూలీలని. మేస్త్రి పక్కనే స్టూలు వేసుక్కూర్చుని, టీ చప్పరిస్తూ, ఒక్కొక్కర్నీ ఎక్కించి, ముల్లు చూసి, "నువ్వటు", "నువ్విటు" అనేవాడు. అటు అంటే రోటవేటర్ల వైపు. ఇటు అంటే గట్లు చెక్కే పనికి. అటూ ఇటూ కానివాళ్లు ఇంటికి పోవాలి.

ఎందుకు తూచేవాళ్లో తెలియాలంటే ఆ యంత్రం సంగతి తెలియాలి. రోటవేటర్‌ని ట్రాక్టరు వెనక తగిలిస్తారు. లావుపాటి గొట్టం చుట్టూ నలభైదాకా వంకర బ్లేడ్లు బిగించి ఉంటాయి. ట్రాక్టరులోంచి వచ్చే షాఫ్టు ఆ గొట్టాన్ని తిప్పుతుంది. బ్లేడ్లు మట్టిని నరికి, పొడి చేసి వెనక్కి విసురుతాయి. నేల పదునులో ఉంటే, అంటే తడి మరీ ఎక్కువా మరీ తక్కువా కాకుండా ఉంటే, యంత్రం తన బరువుకి తనే దిగిపోతుంది. నేల ఎండి బిగుసుకుపోతే దిగదు. పైపైన గీరుతూ ఎగిరెగిరి పడుతుంది. అప్పుడు దాన్ని పైనుంచి అదమాలి. ఆ అదమడానికి మనుషుల్ని ఎక్కించేవాళ్లు. బ్లేడ్ల మీదుండే రేకు కప్పు మీద, షాఫ్టుకి అటొకరూ ఇటొకరూ. ఇద్దరూ కలిసి నూట నలభై కిలోలకి తగ్గకూడదు.

నీళ్లు పెట్టి నాలుగు రోజులు ఆగితే ఈ గోల ఏదీ అక్కర్లేదు. కానీ ఆగడం అనే మాట యజమానికి గిట్టదు. ఒక పంట ఇలా లేవాలి, రెండో పంట అలా పడాలి. మధ్యలో నేలకి ఊపిరి పీల్చుకునే తీరిక లేదు, మనిషికి అసలే లేదు.

ఓసారి ఒక ముసలి కూలీ ఉండబట్టలేక అడిగాడు. "మనుషులెందుకండీ, రాళ్లు కట్టుకోవచ్చు కదా?"

మేనేజరు చదువుకున్నవాడు. విసుక్కోకుండా విడమరిచి చెప్పాడు. "రాళ్లకి కాళ్లుంటాయా తాతా? మలుపు దగ్గర యంత్రాన్ని పైకి లేపాలి. రాళ్లుంటే లిఫ్టు మీద భారం పడుతుంది. లిఫ్టు పోతే కొత్తది ఎవరు తెస్తారు? అదే మనిషనుకో. మలుపు రాగానే తనే దిగుతాడు, తిరగ్గానే తనే ఎక్కుతాడు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు కూడా. కడుపు మండే విషయం ఏమిటంటే, ఆ పనికి పోటీ ఉండేది. కూర్చునే పని కదా! రోజంతా వంగక్కర్లేదు. ఉదయం కాటా ఎక్కేముందు కుళాయి దగ్గర చెంబులకి చెంబులు నీళ్లు తాగేవాళ్లు. పెళ్లాలు మొగుళ్లకి కొసరి కొసరి పెట్టేవాళ్లు. "తిను, ఇంకో ముద్ద తిను, ముల్లు కదలొద్దా?" అని. బక్కవాడు ఎక్కితే వెనకనుంచి ఎవరో ఒకరు, "మేస్త్రీ, వాడి నీడని కూడా కలిపి తూచు" అనేవాళ్లు. తమని బస్తాల్లా తూస్తుంటే తామే నవ్వారు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ తలకొట్టేసినట్టుంటుంది వాళ్లకి.

పెద్ద డ్రైవరు మాత్రం నవ్వేవాడు కాదు. అలాగని ఏమీ అనేవాడూ కాదు.

ఆ కమతంలో నడిచే ఎనిమిది ట్రాక్టర్లకీ ఆయనే పెద్ద. పందొమ్మిదేళ్ల సర్వీసు. యంత్రం తిరుగుతుంటే చెవి పెట్టి విని, "కుడివైపు మూడో బ్లేడు బోల్టు వదులైంది" అనేవాడు, దిగి చూస్తే అదే అయ్యుండేది. తగిలించడం కూడా ఓ పద్ధతిగా తగిలించేవాడు. ముందు ఎడమ చెయ్యి, తర్వాత కుడి చెయ్యి, ఆఖర్న పై లింకు. పిన్నులన్నీ పెట్టాక వెనక్కి నడిచి, ఓ కన్ను మూసి, యంత్రం నేలకి సమంగా ఉందో లేదో చూసుకునేవాడు. షాఫ్టు గాడిలో పడి టక్కుమని తాళం పడేదాకా చెయ్యి తీసేవాడు కాదు.

ఒక్కటి మాత్రం తగిలించేవాడు కాదు. షాఫ్టు మీద కవరు. తిరిగే షాఫ్టుకి ఏదీ చుట్టుకోకుండా దాని చుట్టూ ప్లాస్టిక్ తొడుగు ఒకటి వస్తుంది కంపెనీ నుంచి. గ్రీజు పెట్టాలన్నప్పుడల్లా ఆ తొడుగు తియ్యడం, మళ్లీ వెయ్యడం ఆలస్యమవుతోందని నాలుగేళ్ల కిందట మేనేజరు ఎనిమిదింటికీ పీకించేశాడు. షెడ్డులో పనిచేసే ముసలి మెకానిక్కు వాటిని పారెయ్యకుండా తుక్కు గదిలో మూలన పేర్చిపెట్టాడు. "ఇవాళ కాకపోతే రేపు కావాలంటారు" అని ఆయన ఆశ.

ఆ రోజు కాటా దగ్గర వరసలో పెద్ద డ్రైవరు తోడల్లుడు కూడా నిలబడ్డాడు. అక్కాచెల్లెళ్లని చేసుకున్నవాళ్లు ఇద్దరూ. కూలీల లైన్లో పక్కపక్క ఇళ్లు, మధ్యన ఒకటే గోడ. మూడు వారాలు జ్వరంతో పడుకుని లేచాడు తోడల్లుడు. బుగ్గలు లోపలికి పోయాయి. వంగితే కళ్లు తిరుగుతున్నాయి. కూర్చునే పని దొరికితేనే పని, లేకపోతే ఇల్లే.

పలక ఎక్కాడు. ముల్లు అరవై ఎనిమిది దగ్గర ఆగింది.

"జ్వరం నీకొచ్చిందా, మీ ఆవిడకొచ్చిందా?" అన్నాడు మేస్త్రి. "పో, అటు పో."

పెద్ద డ్రైవరు చూశాడు. తోడల్లుడి ప్యాంటు జేబులు రెండూ కిందికి వేలాడుతున్నాయి. లోపల రాళ్లు. తను చూసినట్టు గమనించి తోడల్లుడు కన్ను గీటాడు. పెద్ద డ్రైవరు మొహం తిప్పేసుకున్నాడు. పోనీలే, మా వాడికి కూర్చునే పని దొరికింది అనుకున్నాడు. సాయం చేస్తున్నాననుకున్నాడు.

తోడల్లుడు పెద్ద డ్రైవరు బండికే పడ్డాడు. పొలం రాయిలా ఉంది. మూడో సాలు చివర మలుపు వచ్చింది. పెద్ద డ్రైవరు లివరు లాగి యంత్రాన్ని లేపాడు. మలుపు దగ్గర షాఫ్టు తిరగడం ఆపాలి, అది పద్ధతి. ఆపి మళ్లీ కలిపితే సాలుకో నిమిషం పోతుందని ఆపొద్దన్నారు, అది ఆర్డరు. షాఫ్టు తిరుగుతూనే ఉంది. బరువుకి కూర్చున్న ఇద్దరూ దిగారు. ట్రాక్టరు తిరిగింది. రెండో మనిషి ఎక్కేశాడు. తోడల్లుడు రేకు మీద చెయ్యి వేసి కాలు ఎత్తాడు. జేబుల్లో రాళ్లు, ఒంట్లో లేని సత్తువ. ముందుకి తూలాడు. మెడలో తువ్వాలు కొస షాఫ్టుకి తగిలింది.

ఆ షాఫ్టు నిమిషానికి అయిదువందల నలభై చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకి తొమ్మిది. మనిషికి ఒక్కటి చాలు. "అన్నా" అన్న కేక సగంలో తెగింది. పెద్ద డ్రైవరు క్లచ్చి మీద నిలబడేసరికే అంతా అయిపోయింది.

తర్వాత ఆయన చూసింది నేను రాయను.

ట్రాలీలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లారు. ప్రాణం లేదని అందరికీ తెలుసు, అయినా తీసుకెళ్లారు. లోపల కాంపౌండరు బట్టలు కత్తిరించి, జేబుల్లోవి తీసి బల్ల మీద పెట్టాడు. ఒక బీడీకట్ట. ఇంటి తాళంచెవి. గుప్పెడేసి రాళ్లు ఏడు.

"ఇవేంటయ్యా?" అన్నాడు కాంపౌండరు.



శవాన్ని పొద్దునగానీ ఇవ్వమన్నారు. సాయంత్రం నాలుగింటికి ఖాళీ ట్రాలీతో తిరిగొస్తూ పొలం వైపు చూసిన పెద్ద డ్రైవరు గట్టు మీదే ఆగిపోయాడు. అదే పొలం. అదే రోటవేటర్. గొట్టంతో నీళ్లు కొట్టి కడిగారు కాబోలు, రేకు తళతళా మెరుస్తోంది. చిన్న డ్రైవరు నడుపుతున్నాడు. రేకు మీద ఇద్దరు కొత్తవాళ్లు కూర్చుని ఉన్నారు. ఒకడు మరీ గట్టిగా పట్టుకున్నాడు. అంతే తేడా.

ఆఫీసుకి రమ్మని కబురొచ్చింది.

మేనేజరు కుర్చీ చూపించాడు. పందొమ్మిదేళ్లలో ఆ గదిలో పెద్ద డ్రైవరుకి ఎవరైనా కుర్చీ చూపించడం అదే మొదలు. టైపు చేసిన కాయితం ఒకటి ముందుకి జరిపాడు.

"చదువుకో. చదివి కింద సంతకం పెట్టు. రేపు పది గంటలకి కార్మిక శాఖ అధికారి వస్తున్నాడు, ఆయన ముందు పెట్టినా సరే."

డ్రైవరు చదివాడు. మృతుడు తాగి ఉన్నాడు. జేబుల్లో రాళ్లు వేసుకుని కాటాని మోసం చేశాడు. నేను వద్దంటున్నా వినకుండా నడుస్తున్న యంత్రం ఎక్కాడు.

"వాడు తాగడు సార్."

"తాగాడో లేదో ఇప్పుడు ఊది చూపిస్తాడా?"

"నేను వద్దనలేదు సార్."

 మేనేజరు మెల్లిగా అన్నాడు. "పెద్ద డ్రైవరూ, నీ మంచికే చెబుతున్నా. సంతకం పెడితే ఇది ప్రమాదం. పెట్టకపోతే మనిషి చచ్చాడు, బండి నడిపింది నువ్వు. నేను నడిపానా? యజమాని నడిపాడా? అదలా ఉంచు. అసలు ఈ మనుషుల్ని ఎక్కించడం ఎవరు మొదలెట్టారో గుర్తుందా?"



గుర్తుంది. గుర్తు లేకేం.

ఆరేళ్ల కిందట మొదటి రోటవేటర్ వచ్చిన రోజు. కంపెనీ మనిషి ఒకడొచ్చి రెండు పూటలు నేర్పాడు. పిడికెడు మట్టి తీసుకుని ముద్ద చేసి, బొటనవేలితో నొక్కు, పొడిపొడిగా విడిపోతే పదును ఉన్నట్టు, అప్పుడే దించు అన్నాడు. మొదటి సాలు పైపైన, రెండో సాలు లోతుగా అన్నాడు. దీని మీద పిల్లి కూడా ఎక్కకూడదు అన్నాడు. పెద్ద డ్రైవరు అన్నిటికీ తలూపాడు. మర్నాడు యజమాని తన స్నేహితుల్ని వెంటేసుకొచ్చి గట్టు మీద నిలబడ్డాడు. "చూపించవోయ్ మన కొత్త బండి" అన్నాడు. నేల ఎండి ఉంది. ఇవాళ కుదరదు అనాల్సింది. అనలేదు. దించాడు. యంత్రం ఎగిరెగిరి పడింది. గట్టు మీద ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్ద డ్రైవరుకి చెవులు కాలిపోయాయి. పక్క మడిలో ఉన్న తోడల్లుణ్ణి పిలిచి, "ఒరేయ్ తమ్ముడూ, కాస్త దీని మీద కూర్చోరా" అన్నాడు. కూర్చున్నాడు. బ్లేడ్లు దిగాయి. మట్టి లేచింది. గట్టు మీద చప్పట్లు.

ఆ చప్పట్లే మర్నాటికి ఆర్డరయ్యాయి. ఆ ఆర్డరే కాటా అయింది.

"రేపు పదింటికి," అన్నాడు మేనేజరు, కాయితం మడిచి ఆయన జేబులో పెట్టి. "ఇంటికెళ్లి పడుకో."

కూలీల లైన్లో ఇంకా చీకటి పడలేదు. కుళాయి దగ్గర జనం మూగి ఉన్నారు. నూట యాభై మందికి తక్కువ లేరు. కొందరు నిలబడ్డారు, ఎక్కువమంది నేల మీదే కూర్చున్నారు. మధ్యలో పెద్ద డ్రైవరు మరదలు, పోయినవాడి భార్య. ఏడవడం లేదు. పక్కన ఆయన భార్య, చెల్లెలి చెయ్యి పట్టుకుని కూర్చుంది, ఆమె ఏడుస్తోంది.

మేస్త్రి అప్పటికే ఉపన్యాసం మొదలెట్టాడు. "జరిగిందేదో జరిగింది. తొందరపడొద్దు. నేను మేనేజరు గారితో మాట్లాడి..."

"నువ్వు తూచినోడివి," అంది ఒక ఆడమనిషి. "మాట్లాడేదేముంది, ముల్లు చూసి చెప్పు ఎంతుందో."

"లేచి పో" అన్నారు నలుగురైదుగురు. మేస్త్రి చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయాడు.

ముసలి మెకానిక్కు లేచాడు. ఆయన మాట్లాడటం ఎవరూ పెద్దగా విన్నది లేదు. "తొడుగులు నా దగ్గర ఉన్నాయి. ఎనిమిదీ ఉన్నాయి. ఒక్క గంట పని. నాలుగేళ్లనించీ ఒక్క గంట ఇవ్వలేదు వాళ్లు. అడగనందుకు నా చెంప నేను వాయించుకోవాలి."

"తొడుగేస్తే సరిపోద్దా?" అన్నాడు ఒక కూలీ. "తొడుగేసి మళ్లీ మమ్మల్నే ఎక్కిస్తారు. అసలు ఎక్కం అనాలి."

"అంటే రేపు ఇంకో ఊరినించి లారీలో దింపుతారు," అన్నాడు చిన్న డ్రైవరు.

"నువ్వు మాట్లాడకు! ఆ మనిషి పోయిన పూటే అదే బండి నడిపావు."

చిన్న డ్రైవరు తల దించుకున్నాడు. "నడపకపోతే నన్ను తీసేస్తామన్నారు."

"మీ డ్రైవర్లకేం? మీరు సీటు మీద, మేం బ్లేడ్ల మీద. మీకూ మాకూ మధ్య మూడడుగులే, కానీ మీరెప్పుడన్నా వెనక్కి తిరిగి చూశారా?"

గోలయింది. డ్రైవర్లు ఒక పక్క, కూలీలు ఒక పక్క. ఒకళ్లనొకళ్లు వేలెత్తి చూపించుకుంటున్నారు. ఆఫీసు గదిలో మేనేజరు కోరుకుంటున్నది సరిగ్గా ఇదేనని ఎవరికీ తట్టలేదు.

అప్పుడు మరదలు అడిగింది. గొంతు పెంచలేదు, అయినా అందరూ ఆగారు.

"అసలు మనిషిని దాని మీద కూర్చోబెట్టాలని ఎవరికి తోచింది? అది చెప్పండి ముందు. మేనేజరుకా? యజమానికా? పేరు తెలిస్తే రేపు ఆ అధికారి ముందు అంటాను."

ఎవరికీ తెలియదు. ఆరేళ్ల కిందటి మాట. ఆ రోజు గట్టు మీదున్నవాళ్లు పెద్దమనుషులు, మడిలో ఉన్నవాళ్లిద్దరే. అందులో ఒకడు చచ్చిపోయాడు. పెద్ద డ్రైవరు నోరు మూసుకుని ఉంటే ఆ మాట ఆయనతోనే మట్టిలో కలిసేది. చెబితే ఈ నూట యాభై మందే నలిపేస్తారు, వీళ్లు వదిలినా రేపు ప్రభుత్వం వదలదు. చెప్పకపోతే ఆ కాయితం కింద తన సంతకం పడుతుంది. పడితే తోడల్లుడు తాగుబోతుగా, దొంగగా చస్తాడు. ఎల్లుండి కాటా మళ్లీ తిరుగుతుంది.

"నేనే," అన్నాడు.

"ఏంటి బావా?"

"నాకే తోచింది. మొదట కూర్చోబెట్టింది నేను. మొదట కూర్చుంది వాడు." అంతా చెప్పాడు. గట్టు మీద నవ్వు, తన రోషం, చప్పట్లు. కంపెనీ మనిషి వద్దని చెప్పిన సంగతి కూడా దాచలేదు. ఇవాళ రాళ్లు చూసి మొహం తిప్పుకున్న సంగతి చెప్పాడు. జేబులోంచి కాయితం తీసి అది కూడా చదివాడు.

ఎక్కడినించో చెంబు వచ్చి భుజానికి తగిలింది. ఎవరు విసిరారో ఆయన చూడలేదు. భార్య మొహం దాచుకుంది.

మరదలు లేచి దగ్గరకొచ్చింది. కొడుతుందనుకున్నారు. ఆయన కూడా అదే అనుకున్నాడు, కొడితే బాగుండుననుకున్నాడు.

"అక్క మొగుడివని నిన్ను వదలను," అంది. "నీ సంగతి తర్వాత చూసుకుంటా. నువ్వు ఒక్కసారి కూర్చోబెట్టావు బావా. సిగ్గులేని పని చేశావు. కానీ ఆరేళ్లు రోజూ కూర్చోబెట్టింది ఎవరు? కాటా ఎవరు తెచ్చారు? తొడుగులు ఎవరు పీకించారు? నీళ్లు పెట్టనివ్వంది ఎవరు? వాళ్లకి నీ తప్పు దొరికింది. దొరగ్గానే చట్టం చేసుకున్నారు. ఇప్పుడు దాన్నే నీ మెడకి కట్టి, నీ చేత మా ఆయన మొహాన మట్టి కొట్టించాలని చూస్తున్నారు." ఆయన చేతిలోని కాయితం వైపు వేలు చూపించింది. "రేపు ఇదంతా అక్కడ చెప్తావా, చెప్పవా?"

"చెప్తాను."

"నిన్ను తీసుకుపోతారు."

"పోనీ."

ఆమె జనం వైపు తిరిగింది. "రేపు కాటా ఎవరూ ఎక్కొద్దు. మా ఆయన మీద ఆన."

పొద్దున్న షెడ్డు ముందు బల్ల వేశారు. అధికారి వచ్చాడు, పాపం ఎండకి వేడి చేసినట్టుంది, రాగానే చల్లటి నీళ్లు అడిగాడు. మేనేజరు ఆయన పక్కన కూర్చున్నాడు. శాంతిభద్రతల కోసమని పిలవకుండానే పోలీసు జీపు కూడా వచ్చింది, ఒక ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్లు. శవం ఇవ్వడానికి తీరిక లేని ప్రభుత్వానికి జీపు పంపడానికి మాత్రం తీరికుంది.

మేస్త్రి అలవాటుగా కేకేశాడు. "రండి, రండి, కాటా ఎక్కండి, టైమవుతోంది."

ఒక్కడూ కదల్లేదు. రోజూ తోసుకునే వరస అది. ఇవాళ కాటా చుట్టూ పది అడుగులు ఖాళీ.

"ఏయ్, వినపళ్లా?"

వినపడింది. అందుకే కదల్లేదు.

మేనేజరు చిన్న డ్రైవరుని పిలిచాడు. "మనుషుల్లేకపోయినా పర్లేదు, బండి తియ్యి. తూర్పు పొలంలో దించు."

చిన్న డ్రైవరు పొలంలోకి నడిచాడు. వంగి ఓ మట్టిపెళ్ల తీసుకున్నాడు. బొటనవేలితో నొక్కాడు. రెండు చేతులా నొక్కాడు. వెనక్కొచ్చి దాన్ని అధికారి కాయితాల మీద పెట్టాడు. "పదును లేదు సార్. దించకూడదు."

అతని వెనక ఇంకో డ్రైవరు వెళ్లాడు. ఇంకో పెళ్ల. "పదును లేదు సార్." తర్వాత మూడోవాడు. ఏడుగురూ వెళ్లొచ్చారు. వాళ్ల తర్వాత గట్లు చెక్కే ఆడవాళ్లు మొదలుపెట్టారు. బల్ల మీద చోటు చాలక పెళ్లలు కింద పడుతున్నాయి. అధికారి తెల్ల చొక్కా మీద దుమ్ము పడింది. ముసలి మెకానిక్కు తుక్కు గదిలోంచి ఎనిమిది తొడుగులూ మోసుకొచ్చి ఆయన కాళ్ల దగ్గర పడేశాడు.

"ఇదేం తమాషా!" అన్నాడు మేనేజరు. "పెద్ద డ్రైవరూ, ఇలా రా. సంతకం పెట్టి వీళ్ల నోళ్లు మూయించు."

పెద్ద డ్రైవరు వచ్చాడు. కాయితం తీసి రెండుగా చించి బల్ల మీద పెట్టాడు. చెప్పాల్సిందంతా చెప్పాడు. నీళ్లు నమల్లేదు. తన తప్పు ముందు చెప్పాడు, తర్వాత మిగతాది. ఎండిన నేల, తీసేసిన తొడుగులు, మలుపు దగ్గర షాఫ్టు ఆపొద్దన్న ఆర్డరు, నూట నలభై కిలోల లెక్క. అన్నీ.

అధికారి కలం ఆడుతూనే ఉంది. రాయడం అయ్యాక చదివి వినిపించాడు. "మృతుణ్ణి యంత్రం మీద కూర్చోమని చెప్పినది నేనే. యంత్రాన్ని నడిపినది నేనే. కంపెనీ హెచ్చరిక నాకు తెలుసు. అంతేగా?"

"అంతే కాదండి. మిగతాది?"

"మిగతాది విచారణలో చూస్తాం."

"విచారణ అంటే ఇదే కదండీ?"

అధికారి కలానికి మూత పెట్టాడు. ఆ మూత చప్పుడుకే ఎస్సై ముందుకొచ్చి పెద్ద డ్రైవరు మోచెయ్యి పట్టుకున్నాడు. పది నిమిషాలు చెప్పిన మాటల్లోంచి ముళ్లన్నీ ఏరేసి ఆయన్ని గుచ్చే మూడింటినే ఉంచుకుంది ప్రభుత్వం. చదువంటే అదీ.

జీపు వెనక ఎదురెదురుగా రెండు బెంచీలు. ఒకదాని మీద ఇద్దరు కానిస్టేబుళ్లు, రెండోదాని మీద ఆయనొక్కడూ. ఒక కానిస్టేబులు జాలిపడ్డాడు. "నోరు మూసుకుని సంతకం పెడితే పోయేది కదయ్యా. ఎందుకు తెచ్చుకున్నావు?"

 పెద్ద డ్రైవరు భార్య పరిగెత్తుకుంటూ వచ్చి కమ్మీ పట్టుకుంది.  ఆమె వేళ్ల మీద ఆయన చెయ్యి వేశాడు.

ఇంజను మోగింది. జీపు రెండు గజాలు కదిలి ఆగింది.

ముందు మరదలు కూర్చుని ఉంది. దారికి అడ్డంగా, చక్రానికి జానెడు దూరంలో. ఆమె పక్కన పెళ్లలు మోసిన ఆడవాళ్లు కూర్చుంటున్నారు. వాళ్ల వెనక కూలీలు. వాళ్లతో కలిసి డ్రైవర్లు. నిన్న కుళాయి దగ్గర చెరో పక్కా నిలబడినవాళ్లు ఇవాళ భుజాలు రాసుకుంటూ కూర్చున్నారు.

ఎస్సై దిగాడు. "ఏమ్మా, మీ బావ కోసమా? చట్టం తన పని చేసుకోవద్దా? లే."

"మా బావని వదలమని అడగట్లేదు," అంది ఆమె. "తీసుకెళ్లండి. ఆయన చేసింది తప్పే. నేనే చెప్తున్నా, తప్పే."

"మరి?"

"ఒక్కసారి కూర్చోబెట్టినోణ్ణి ఎక్కించారు. రోజూ కూర్చోబెట్టిన ఆ మేనేజరు అక్కడ నీళ్లు తాగుతున్నాడు. ఆయన్నీ ఎక్కించండి. వాళ్ల యజమాని ఎక్కడున్నాడో కనుక్కుని ఆయన్నీ ఎక్కించండి. అప్పుడు లేస్తాం."

"ఆసుపత్రిలో నీ మొగుడి శవం ఉందమ్మా. అటు వెళ్లి ఆ పని చూసుకో."

"ఉంది. ఆయనకిప్పుడు తొందరేం లేదు. మాక్కూడా లేదు."

మేనేజరు లేచి ఆఫీసు గదిలోకి నడిచాడు. నడక మొదట మామూలుగానే ఉంది, గుమ్మం దగ్గరికొచ్చేసరికి పరుగైంది. లోపల గడియ పడిన చప్పుడు జీపుదాకా వినిపించింది. జనంలోంచి ఎవరో, "అదుగో, గడియేసుకున్నాడు!" అన్నారు. కూర్చున్నవాళ్లలో సగంమంది లేచి ఆఫీసు వైపు వెళ్లి, ఆ గుమ్మం ముందు కూర్చున్నారు. తలుపు కొట్టలేదు, తన్నలేదు. ఊరికే కూర్చున్నారు.

"బండి పోనియ్," అని అరిచాడు ఎస్సై.

జీపు డ్రైవరు ముందుకి చూశాడు. చక్రానికీ ఆమెకీ మధ్య జానెడు. తాళంచెవి తిప్పి ఇంజను ఆపేశాడు. "పోదు సార్," అన్నాడు.

జీపులో పెద్ద డ్రైవరు అంతా విన్నాడు. మరదలు తనని క్షమించలేదు. క్షమించదు కూడా, ఆ సంగతి ఆయనకి తెలుసు. కమ్మీ మీద ఉన్న భార్య చెయ్యి మెల్లిగా విడిపించి, "వెళ్లి నీ చెల్లెలి పక్కన కూర్చో," అన్నాడు. ఆమె వెళ్లింది.

తర్వాత ఆయన బెంచీ మీద ఓ చివరికి జరిగి, మేనేజరుకి చోటు చేశాడు.